గట్టి దెబ్బ ఉన్నోడికి దమ్ము ఉండదా? ఫోర్‌మన్ నుంచి వైల్డర్ దాకా

యార్డు కుర్రోడు · గుంటూరు · శనివారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. కొట్టు కట్టేశాక ఫోన్లో బాక్సింగు పెట్టాను, అలీ–ఫోర్‌మన్ ఫైటు మళ్ళీ చూశాను. 1974 అక్టోబరు 30, కిన్షాసా. చాలాసార్లు చూసిందే. కానీ ఎప్పుడు చూసినా కళ్ళు అలీ మీదే ఉండేవి. ఈసారి పట్టుబట్టి ఫోర్‌మన్ చేతులు తప్ప ఇంకేమీ చూడలేదు.

మొదట్లో గుద్దు వేసిన చెయ్యి మళ్ళీ గడ్డం దగ్గరికి వచ్చేస్తోంది. పోనుపోను భుజం దగ్గరే ఆగిపోతోంది. ఐదో రౌండులో తాళ్ళకి ఆనుకున్న అలీని కుమ్మేస్తాడు చూడండి, దాని తర్వాత చెయ్యి ఒక్కటే కదలడం లేదు, ఒళ్ళంతా దాని వెనకాల పడిపోతోంది. ఏడో రౌండుకి గ్లోవ్స్ కిందకి జారిపోయాయి, కొట్టబోయి అలీ మీదే వాలుతున్నాడు. ఎనిమిదో రౌండులో పడిపోయాడు. అప్పటికి ఫోర్‌మన్ వయసు 25. 40 ఫైట్లు ఆడి ఒక్కటీ ఓడలేదు, అందులో 37 నాకౌట్లు. అలీకి 32 ఏళ్ళు.

అడగాలనుకున్నది ఇది. కొండను పిండి చేసే దెబ్బ ఉన్న హెవీవెయిట్లకి దమ్ము తక్కువ అని అందరూ అంటారు. దమ్ము అంటే నేను ధైర్యం గురించి అనట్లేదు, ఊపిరి గురించి. ఇది అన్ని కాలాల్లోనూ నిజమేనా? పాతవాళ్ళు నయమా, ఇప్పటివాళ్ళు నయమా? ఎన్ని రౌండ్లు నిలబడ్డాడు అన్నది వద్దు. ఎనిమిదో రౌండు దాటాక కూడా మొదటి రౌండు దెబ్బే కొట్టగలిగాడా? అది చూసి చెప్పండి.

---

పాత టేపులు · అరండల్‌పేట · శనివారం రాత్రి 10:51

తమ్ముడూ, ఆ కొలతే పెట్టుకుంటే పాతవాళ్ళ ముందు ఇప్పటివాళ్ళు నిలవరు.

రాకీ మార్సియానో, 1952 సెప్టెంబరు 23, ఫిలడెల్ఫియా. జెర్సీ జో వాల్కాట్ ఇతన్ని మొదటి రౌండులోనే పడగొట్టాడు. పన్నెండు రౌండ్లయ్యేసరికి రిఫరీ లెక్కలోనూ, ఇద్దరు జడ్జీల లెక్కలోనూ మార్సియానో వెనకబడే ఉన్నాడు. పదమూడో రౌండులో ఒక్క కుడిచేతి గుద్దు. జానెడు దూరం కూడా ప్రయాణం చెయ్యలేదు ఆ చెయ్యి. వాల్కాట్ తాడుకి చెయ్యి తగులుకుని మోకాళ్ళ మీద కుప్పకూలాడు. 49 ఫైట్లు 49 గెలుపులు, 43 నాకౌట్లు ఊరికే రాలేదు.

జో లూయీ, 1941 జూన్ 18. బిల్లీ కాన్ తనకన్నా పది కిలోలకు పైగా తేలిక, చిక్కకుండా తిరుగుతూ ఆడుతున్నాడు, పాయింట్లలో ముందున్నాడు కూడా. పదమూడో రౌండు ఇంకో రెండు సెకన్లలో అయిపోతుందనగా ఫైటు ముగించాడు లూయీ.

ఫ్రేజియర్, 1971 మార్చి 8, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. పదిహేనో రౌండు! పద్నాలుగు రౌండ్లు తలకాయ ఊపుతూ, వంగుతూ లేస్తూ, అలీ దెబ్బలు తింటూ, పదిహేనో రౌండులో ఎడమ హుక్కుతో (పక్కనుంచి వంచి కొట్టే గుద్దు) అలీని వెల్లకిలా పడేశాడు.

ఇప్పుడు పదిహేను రౌండ్లే లేవు. పన్నెండుకే నోరు తెరుస్తున్నారు.

---

బెంజిసర్కిల్ · విజయవాడ · శనివారం రాత్రి 11:08

బాబాయ్, మీమీద గౌరవం ఉంచుకునే అంటున్నాను, మీరు బరువుల సంగతి ఎత్తట్లేదు.

వాల్కాట్‌ని కొట్టిన రోజు మార్సియానో 83, 84 కిలోలు. ఇప్పుడు హెవీవెయిట్ కింద ఉండే క్రూజర్‌వెయిట్ హద్దే 90 కిలోల చిల్లర. అంటే ఈ రోజుల్లో ఆయన హెవీవెయిట్టే కాదు. ఫ్రేజియర్ 93. ఇప్పటివాళ్ళలో జాషువా క్లిచ్కోతో ఆడినప్పుడు 113. వైల్డర్‌తో మూడో ఫైటుకి ఫ్యూరీ 125 దాటాడు. ముప్పై నలభై కిలోలు ఎక్కువ మోసుకుంటూ, ఎదురుగా అంతే బరువున్న మనిషి మీద పడుతుంటే తట్టుకుంటూ ఆడటం వేరు.

మీ కొలతకే వద్దాం. వైల్డర్–ఫ్యూరీ మొదటి ఫైటు, 2018 డిసెంబరు 1. తొమ్మిదో రౌండులో ఒకసారి పడగొట్టాడు, మళ్ళీ పన్నెండో రౌండులో. ఆ పన్నెండో రౌండు దెబ్బ చూస్తే ఫ్యూరీ లేస్తాడని ఎవరైనా అనుకుంటారా? లేచాడు, అది వేరే కథ. అదే ఏడాది మార్చిలో ఒర్టీజ్‌ని పదో రౌండులో ముగించాడు, అదీ ఏడో రౌండులో తను పడిపోయేంత పని జరిగాక. 2017 ఏప్రిల్ 29న వెంబ్లీలో జాషువా క్లిచ్కోని పదకొండో రౌండులో ఆపాడు. ఇప్పటివాళ్ళ దగ్గర చివరి దెబ్బ లేదని ఎలా అంటారు?

---

తెనాలి గిత్త · తెనాలి · శనివారం రాత్రి 11:30

నాకు బాక్సింగు కంటే బండలాగుడు ఎక్కువ తెలుసు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మా చుట్టుపక్కల ఏ ఊళ్ళో పోటీలు పెట్టినా వెళ్తాను. గంట కొట్టగానే కొన్ని జతలు ఉరుకు మీద బండని లాక్కుపోతాయి, జనం ఈలలు. సగం సమయం అయ్యేసరికి నురగలు కక్కుతూ కాడి కింద నిలబడిపోతాయి. చర్నాకోల చూపించినా కదలవు. ఇంకో జత మొదట్లో మెల్లగానే వస్తుంది. తిప్పుడు దగ్గర తొట్రుపడదు. ఆఖరి నిమిషంలో కూడా అదే అడుగు. అడుగుల లెక్క తీసినప్పుడు బహుమతి దానిదే.

రెండు జతలకీ బలం సమానమే ఉండొచ్చు. తోలేవాడు వేరు.

---

రింగు మాస్టారు · విజయవాడ · ఆదివారం ఉదయం 6:15

తెనాలి తమ్ముడు చెప్పిన మాట దగ్గర ఆగుదాం. నేను పిల్లలకి బాక్సింగు నేర్పుతాను, చాలా ఏళ్ళ నుంచి. అసలు సంగతి రౌండ్ల లెక్కలోనూ లేదు, కిలోల్లోనూ లేదు అని నా నమ్మకం.

మనిషిని ఎక్కువగా అలసగొట్టేది తగిలిన గుద్దు కాదు, తప్పిన గుద్దు. తగిలితే ఎదుటివాడి ఒళ్ళే మీ చేతిని ఆపుతుంది. తప్పితే ఆ చేతిని మీరే ఆపుకోవాలి. భుజం వెనక కండలు, నడుము, ముందుకాలు, మూడూ కలిసి బ్రేకు వెయ్యాలి. తర్వాత పడిపోకుండా నిలదొక్కుకోవాలి. ఒక గుద్దుకి రెండు గుద్దుల ఖర్చు. దెబ్బ ఎంత పెద్దదైతే బ్రేకు అంత పెద్దది. అందుకే గట్టిగా కొట్టేవాడికి తప్పిపోవడం శాపం. జాబ్ (ముందుచేత్తో సూటిగా వేసే పొట్టి గుద్దు) వేసేవాడికి అంత నష్టం ఉండదు.

కిన్షాసాలో జరిగింది అదే. అలీ తాళ్ళ మీద వెనక్కి వాలి, కొన్ని చేతుల మీద కాచుకున్నాడు, చాలావాటిని గాలికి వదిలాడు. దగ్గరికి వచ్చినప్పుడల్లా ఫోర్‌మన్ మెడ మీద చెయ్యి వేసి కిందకి నొక్కాడు. వందకిలోల మనిషి తన తల తనే పైకెత్తుకోవాలంటే వీపు ఎంత పని చెయ్యాలో మీరే ఒకసారి స్నేహితుడితో చేసి చూడండి. పైగా ఫోర్‌మన్‌కి పొడుగు ఫైటు మర్చిపోయి చాలా కాలమైంది. అలీకి ముందు ఫ్రేజియర్ రెండు రౌండ్లు, రోమన్ ఒక రౌండు, నార్టన్ రెండు రౌండ్లు. మొత్తం ఐదు రౌండ్లు కూడా పూర్తిగా ఆడలేదు. ఐదు రౌండ్ల మనిషిని పదిహేను రౌండ్ల ఫైటుకి దింపారు.

లిస్టన్ కథ కూడా ఇదే. పాటర్సన్‌ని 1962లో ఒకసారి, 1963లో ఒకసారి మొదటి రౌండులోనే పడేశాడు. 1964 ఫిబ్రవరిలో అలీ ఎదుట ఆరు రౌండ్లయ్యాక స్టూలు మీదనుంచి లేవలేదు. భుజం నొప్పి అన్నాడు. గాలిని గుద్దితే భుజం నొప్పి రాక ఏమవుతుంది?

---

కొత్త చేతులు · మంగళగిరి · ఆదివారం ఉదయం 8:40

సార్, నేను కొత్తగా నేర్చుకుంటున్నాను. మాకు మూడు రౌండ్లే ఉంటాయి. నాకు రెండో రౌండుకే చేతులు ఇనుప గుండ్లు కట్టినట్టు అయిపోతున్నాయి. పొద్దున బారేజీ మీద ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరిగెడతాను, అక్కడ ఏమీ అవదు. మరి బరిలో ఎందుకిలా?

టైసన్ కూడా ఆరు రౌండ్లు దాటితే పనికిరాడంటారు కదా, ఆయన కూడా బాగా పరిగెత్తేవాడని విన్నాను.

---

పటమట ఫిజియో · విజయవాడ · ఆదివారం ఉదయం 10:05

తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు నేను చెప్తాను, నా పని కూడా ఇదే కాబట్టి.

పరుగులో నువ్వు వాడేది ఒక పొయ్యి, గుద్దులో వాడేది ఇంకో పొయ్యి. కండలో అప్పటికప్పుడు వాడుకోవడానికి క్రియాటిన్ ఫాస్ఫేట్ అని కొద్దిగా నిల్వ ఉంటుంది. ప్రాణం పెట్టి ఒకే పట్టున కొడితే అది పది సెకన్లకు మించి రాదు. ఆ తర్వాత శరీరం చక్కెరని ఆక్సిజన్ లేకుండా మండిస్తుంది. అప్పుడే చేతులు బరువెక్కుతాయి, మంట పుడుతుంది. ఖాళీ అయిన ఆ నిల్వ సగం నిండడానికే అర నిమిషం పడుతుంది, మొత్తం నిండాలంటే కొన్ని నిమిషాలు కావాలి. రౌండుకీ రౌండుకీ మధ్య నీకు దొరికేది ఒక్క నిమిషం. కాబట్టి ప్రతి రౌండూ కాస్త అప్పుతో మొదలవుతుంది. వడ్డీ పెరుగుతూ పోతుంది.

గట్టిగా కొట్టేవాళ్ళలో వేగంగా బిగుసుకునే కండపోగులు ఎక్కువ ఉంటాయి. పేలుడు దెబ్బ వాటినుంచే వస్తుంది. అవే ముందుగా అలసిపోతాయి. ఇది కొంతవరకు పుట్టుకతో వచ్చింది, సాధనతో కొంత మార్చుకోవచ్చు.

బెంజిసర్కిల్ గారు బరువు అన్నారు. అందులో నిజం ఉంది, కానీ కథ ఊపిరితో ఆగదు. పెద్ద ఒంటికి వేడి దిగదు. గుండిగలో కాచిన పులుసు తెల్లారినా గోరువెచ్చగానే ఉంటుంది, గ్లాసులో పోసింది పది నిమిషాల్లో చల్లారుతుంది. 110 కిలోల మనిషి లోపల పుట్టిన వేడి బయటికి పోవడానికి చర్మం ఆ లెక్కన పెరగదు. మన బెజవాడ మే నెల ఎండలో లావుపాటివాళ్ళు ముందు ఎందుకు కూలబడతారో అదే కారణం.

ఇంకోటి, నువ్వు గుద్దేటప్పుడు ఊపిరి బిగబడుతున్నావా? చూసుకో. కొత్తవాళ్ళలో చాలామంది అదే చేస్తారు. దవడ బిగించి, భుజాలు చెవులదాకా ఎత్తి కొడతారు. కొట్టని చెయ్యి కూడా పని చేస్తూనే ఉంటుంది అప్పుడు.

---

పాత టేపులు · అరండల్‌పేట · ఆదివారం ఉదయం 10:40

మేడమ్ గారూ, వేడి గురించి మీరన్నది అక్షరాలా సత్యం. 1975 అక్టోబరు 1, అలీ–ఫ్రేజియర్ మనీలా ఫైటు పొద్దున పూట పెట్టారు, అమెరికాలో రాత్రి టీవీలకి కుదిరేలా. రేకుల కప్పు, కిక్కిరిసిన జనం, పైన లైట్లు. అందులో పద్నాలుగు రౌండ్లు. అప్పుడు కూడా ఫ్రేజియర్‌ని ఆపింది ఆయాసం కాదు, మూసుకుపోయిన కళ్ళు. కోచ్ ఎడ్డీ ఫచ్ వద్దంటే ఆగాడు. తనంతట తను ఆగేవాడు కాదు.

కొత్త చేతులు తమ్ముడికి ఒక సవరణ. టైసన్ ఆరు రౌండ్ల మనిషి అన్నది తప్పు. 1986లో రిబాల్టాని పదో రౌండులో ఆపాడు. 1990 ఫిబ్రవరి 11, టోక్యోలో డగ్లస్ చేతిలో చావుదెబ్బలు తింటూ కూడా ఎనిమిదో రౌండు చివర కిందనుంచి పైకి వేసిన ఒక్క అప్పర్‌కట్‌తో డగ్లస్‌ని కింద పడేశాడు. దెబ్బ పోలేదు. పోయింది తల ఊపుడు, జాబ్, వరసగా మూడు నాలుగు గుద్దులు కలిపే అలవాటు. ఒక్కో గుద్దు కోసం కాచుకుని కూర్చునే మనిషి అయిపోయాడు. పదో రౌండులో పడ్డాడు.

---

బెంజిసర్కిల్ · విజయవాడ · ఆదివారం మధ్యాహ్నం 1:15

టైసన్ దగ్గర మీతో ఏకీభవిస్తాను బాబాయ్. కానీ ఎర్నీ షేవర్స్ సంగతి చెప్పండి. మీ కాలంలో అందరికన్నా గట్టి దెబ్బ ఆయనదే అంటారు, 74 గెలుపుల్లో 68 నాకౌట్లు. ఆయనకి గాలి ఉండేది కాదని మీ వాళ్ళే రాశారు.

---

పాత టేపులు · అరండల్‌పేట · ఆదివారం మధ్యాహ్నం 1:50

అన్నారు. నేనూ చాన్నాళ్ళు అదే అనేవాణ్ణి. కానీ 1977 సెప్టెంబరు 29న అలీతో పదిహేను రౌండ్లూ ఆడాడు షేవర్స్. రెండో రౌండులో అలీ కాళ్ళు తేలిపోయాయి. మనిషి నటిస్తున్నాడేమో అని అనుమానపడి షేవర్స్ మీద పడలేదు. ఓడాడు, పాయింట్ల మీద. రెండేళ్ళకి హోమ్స్‌ని ఏడో రౌండులో పడగొట్టాడు. ఆ దెబ్బకి హోమ్స్ నేల మీద పరుచుకున్న తీరు చూస్తే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. అక్కడ గనక ముగించి ఉంటే ఛాంపియన్. తొందరపడి వరసగా విసిరాడు, పదకొండో రౌండుకి అయిపోయాడు.

ఒప్పుకుంటున్నాను, పాతవాళ్ళంతా దమ్మున్నవాళ్ళు కాదు.

---

బెంజిసర్కిల్ · విజయవాడ · ఆదివారం మధ్యాహ్నం 2:05

నేనూ ఒకటి ఒప్పుకుంటాను. మూడో ఫైటుకి వైల్డర్ 108 కిలోలు ఎక్కాడు. మొదటి ఫైటులో 96. మూడేళ్ళలో పన్నెండు కిలోల కండ. నాలుగో రౌండులో ఫ్యూరీని రెండుసార్లు పడగొట్టిన మాట నిజమే, కానీ ఆ తర్వాత నోరు తెరుచుకుని నిలబడ్డాడు, కాళ్ళు ఈడ్చుకుంటూ పదకొండో రౌండు దాకా వచ్చాడు. అది గుండెధైర్యం. ఊపిరి మాత్రం అప్పటికే లేదు. 96 కిలోల వైల్డర్ పన్నెండో రౌండులో కొట్టిన దెబ్బ 108 కిలోల వైల్డర్ ఎనిమిదో రౌండులో కొట్టలేకపోయాడు. నేను అభిమానిని కాబట్టే ఇది నాకు బాధ.

---

యార్డు కుర్రోడు · గుంటూరు · ఆదివారం సాయంత్రం 5:30

ఇవాళ సెలవు కాబట్టి అన్నీ కూర్చుని చదివాను. మాస్టారి మాట, ఫిజియో అక్క మాట చదువుతుంటే మా మిర్చి యార్డు కళ్ళ ముందు తిరిగింది. రాయకుండా ఉండలేకపోతున్నాను.

సీజన్లో మా కొట్టుకి లారీల కొద్దీ మిర్చి వస్తుంది. ఒక్కో టిక్కీ (బస్తా) నలభై కిలోల పైమాట. పోయిన వేసవిలో హమాలీల ముఠాలోకి ఒక కుర్రాడు వచ్చాడు, ఇరవై రెండేళ్ళు, జిమ్ము ఒళ్ళు. టిక్కీని రెండు చేతులతో పట్టి ఛాతీ మీదకి ఎగరేసుకునేవాడు, అక్కడనుంచి భుజం మీదకి, అక్కడనుంచి నిట్టు (పేర్చిన బస్తాల వరస) మీదకి విసిరేవాడు. చూడటానికి రెండు కళ్ళు చాలవు. మొదటి లారీ అందరికంటే ముందు దింపేశాడు. రెండో లారీ సగంలో చేతులు వణకడం నేను కళ్ళారా చూశాను. సోడా తాగబోతే సీసా పళ్ళకి కొట్టుకుంటోంది. ఘాటుకి దగ్గు వస్తే మామూలుగా అందరూ పక్కకి తిరిగి దగ్గి మళ్ళీ మొదలెడతారు. వాడికి దగ్గడానికి కూడా ఊపిరి చాల్లేదు.

మా ముఠా మేస్త్రికి యాభై ఐదు దాటాయి. ఆయన టిక్కీని ఎప్పుడూ ఎత్తడు. లారీ అంచున ఉన్నదాని కిందకి వీపు పెడతాడు, అది దానంతటదే జారి వస్తుంది. వచ్చేటప్పుడు 'హుఁ' అని ఊపిరి వదులుతాడు. పొట్టి అడుగులు. నిట్టు దగ్గర విసరడు, వంగితే అదే జారిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు చేతులు వదులుగా వేలాడతాయి, అవి ఆయన చేతులు కానట్టు. పొద్దున ఆరింటి అడుగు, మధ్యాహ్నం రెండింటి అడుగు ఒకటే. మూడు లారీల తర్వాత కూడా అవసరమొస్తే ఒక్కడే టిక్కీని తలకెత్తుకోగలడు. ఎత్తి చూపించాడు ఒకసారి, కుర్రాళ్ళు పందెం వేస్తే.

ఇప్పుడు ఆలోచిస్తే 1974 ఫోర్‌మన్ ఆ కుర్రాడే. మరి ముసలి ఫోర్‌మన్? నేను హోలీఫీల్డ్‌తో ఆడిన ఫైటు పూర్తిగా చూడలేదు. చూసినవాళ్ళు చెప్పండి.

---

రింగు మాస్టారు · విజయవాడ · ఆదివారం రాత్రి 8:00

నువ్వు అడగాల్సిన ప్రశ్నే అడిగావు బాబూ. నేను దానికోసమే ఎదురుచూస్తున్నాను.

ఫోర్‌మన్ ఒక్కడే ఈ చర్చకి జవాబు. మనిషి ఒకడే, దెబ్బ ఒకటే, కాలాలు రెండు. 1977 మార్చిలో సాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ చేతిలో పాయింట్ల మీద ఓడాడు. పన్నెండో రౌండులో కింద పడ్డాడు కూడా. వేడి, ఉక్కపోత. డ్రెస్సింగ్ రూములో తనకి దేవుడు కనిపించాడని చెప్పుకుని, పదేళ్ళు చర్చిలో బోధకుడిగా బతికాడు. 1987లో తిరిగొచ్చాడు. అందరూ పొట్ట చూసి జాలిపడ్డారు.

1991 ఏప్రిల్ 19, అట్లాంటిక్ సిటీ. 42 ఏళ్ళు, 116 కిలోలు. ఎదురుగా 28 ఏళ్ళ హోలీఫీల్డ్, 94 కిలోలు. పన్నెండు రౌండ్లూ ఆడాడు. రౌండ్ల మధ్య స్టూలు మీద కూర్చోలేదు, మూల నిలబడే ఉన్నాడు. ఓడాడు, కానీ ఏడో రౌండులో హోలీఫీల్డ్‌ని ఊపేశాడు.

పాతికేళ్ళప్పుడు ఎనిమిది రౌండ్లు ఆడలేని మనిషి, 16 కిలోలు పెరిగి, 42 ఏళ్ళకి పన్నెండు ఎలా ఆడాడు? ఊపిరితిత్తులు కొత్తవి రాలేదు. బరువు ఎక్కువైతే దమ్ము పోతుందన్న లెక్క కూడా ఇక్కడ కుదరదు. ఆయన మార్చుకున్నవి ఇవి. అడుగు చిన్నది చేసుకున్నాడు. వెంటపడటం మానేసి, ఎదుటివాడు ఎటు తిరగాలో అటు ముందే నిలబడ్డాడు. బరువైన జాబ్‌తో ఆడాడు, అది తప్పినా ఖర్చు తక్కువ. చేతులు రెండూ మొహం ముందు అడ్డంగా కట్టుకుని, కాచుకోవడానికి కదలాల్సిన పని లేకుండా చేసుకున్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, కోపం పోయింది. ఇది నేను గాలిమాటగా అనట్లేదు. భయంతో, కోపంతో బరిలోకి వచ్చిన పిల్లాడి గుండె గంట కొట్టకముందే పరిగెడుతూ ఉంటుంది. వాడికి మొదటి రౌండే మూడో రౌండు.

వ్లాదిమిర్ క్లిచ్కో కూడా ఇలాగే మారాడు. 1998లో కీవ్‌లో సొంత జనం ముందు పురిట్టి చేతిలో పదకొండో రౌండులో ఆగిపోయాడు, కేవలం అలసటతో. 2004 ఏప్రిల్‌లో బ్రూస్టర్‌ని నాలుగో రౌండులో పడగొట్టి, ఐదో రౌండులో తనే కూలాడు. కోచ్ ఎమాన్యుయేల్ స్టీవార్డ్ చేతికొచ్చాక అది మొదటి ఫైటు. ఇంకెవరైనా వదిలేసేవాళ్ళు. స్టీవార్డ్ జాబ్ పెంచాడు, ఎదుటివాణ్ణి పట్టేసి ఆపడం నేర్పాడు, కుడిచెయ్యి దాచుకోవడం నేర్పాడు. 2006 నుంచి 2015 దాకా బిరుదు ఆయన దగ్గరే ఉంది.

---

తెనాలి గిత్త · తెనాలి · ఆదివారం రాత్రి 8:25

తోలేవాడు వేరు అని నేనన్నది అదే మాస్టారూ.

---

బెంజిసర్కిల్ · విజయవాడ · ఆదివారం రాత్రి 9:10

జాషువాలో కూడా చూడండి. క్లిచ్కోని ఐదో రౌండులో పడగొట్టి అక్కడే ముగించాలని ఉన్నదంతా ఊడ్చి కొట్టాడు. ఆ రౌండు చివర కింద పడ్డ క్లిచ్కో కంటే నిలబడ్డ జాషువానే ఎక్కువ అలిసిపోయి ఉన్నాడు. ఆరో రౌండులో తనే పడ్డాడు. ఆ తర్వాత రెండు మూడు రౌండ్లు ఏమీ చెయ్యకుండా ఊపిరి కూడబెట్టుకున్నాడు, పదకొండులో ముగించాడు. రూయిజ్ చేతిలో ఓడాక రెండో ఫైటుకి ఐదారు కిలోలు తగ్గి 107 దగ్గరికి వచ్చాడు, పన్నెండు రౌండ్లూ చక్కగా తిరిగాడు. కానీ ఆ భయంకరమైన దెబ్బ ఆ రాత్రి కనపడలేదు. దమ్ము కొనుక్కుంటే దెబ్బలో కోత పడుతుందా అన్నది నా అనుమానం.

---

పటమట ఫిజియో · విజయవాడ · ఆదివారం రాత్రి 9:45

కోత పడాలని రూలేమీ లేదండీ. 1997 జూన్‌లో డేవిడ్ టువా–ఇబియాబుచి ఫైటు చూడండి. ఇద్దరూ వంద కిలోల పైన, ఇద్దరిదీ మొద్దు దెబ్బ, ఇద్దరూ కలిసి పన్నెండు రౌండ్లలో 1,730 గుద్దులు వేశారని లెక్క తీశారు. హెవీవెయిట్‌లో అప్పటికి అది రికార్డు. దగ్గరదగ్గరగా నిలబడి, పొట్టి గుద్దులతో, ఆగకుండా. నేను ఆ ఫైటు చూశాక నా పుస్తకాల్లో చదువుకున్నదానికి చాలా మినహాయింపులు పెట్టుకోవాల్సి వచ్చింది. అలాంటి ఒళ్ళు అరుదు, కానీ ఉంది.

---

పాత టేపులు · అరండల్‌పేట · ఆదివారం రాత్రి 10:30

పదిహేను రౌండ్ల గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే నేను మొదట అన్న మాట నన్నే పొడుస్తుంది. 1982 నవంబరు 13న లాస్ వేగాస్‌లో మాన్చినీతో ఆడిన డుక్ కూ కిమ్ పద్నాలుగో రౌండులో పడిపోయాడు, కొద్ది రోజుల్లో చనిపోయాడు. అతను లైట్‌వెయిట్. ఆ తర్వాతే ఒక్కో బాక్సింగు సంఘం పదిహేను తీసేసి పన్నెండు పెట్టింది. 'పన్నెండుకే నోరు తెరుస్తున్నారు' అని నేను రాయకుండా ఉండాల్సింది. దమ్ము అయిపోయిన మనిషి తల కాచుకోలేడు. దాని ఖరీదు అది.

అయినా నా వరుస మారదు. మార్సియానో, ఫ్రేజియర్, లూయీ. వాళ్ళ తర్వాత రెండో జన్మ ఫోర్‌మన్.

---

కొత్త చేతులు · మంగళగిరి · సోమవారం రాత్రి 8:50

ఇవాళ సాయంత్రం అక్క చెప్పినట్టు గుద్దిన ప్రతిసారీ ఊపిరి వదిలాను, నోటితో చిన్న చప్పుడు వచ్చేలా. భుజాలు దించుకోవడం అస్సలు గుర్తుండలేదు, మా కోచ్ మూడుసార్లు వచ్చి చేత్తో నొక్కి దింపారు. మూడో రౌండులో చేతులు బరువెక్కాయి. రెండో రౌండులో ఎక్కలేదు.

---

యార్డు కుర్రోడు · గుంటూరు · సోమవారం రాత్రి 11:40

మాస్టారూ, ఇప్పుడే ఫోర్‌మన్–మూరర్ చూసి లేచాను. 1994 నవంబరు 5. నలభై ఐదేళ్ళ మనిషి. కిన్షాసాలో వేసుకున్న ఎర్ర నిక్కరే వేసుకొచ్చాడట. అప్పుడు అలీ మూలలో ఉన్న కోచ్ ఆంజెలో డండీ ఈసారి ఇతని మూలలో ఉన్నాడు.

ఈసారి కూడా చేతులే చూశాను. తొమ్మిది రౌండ్లు మూరర్ కొడుతూనే ఉన్నాడు, ముగ్గురు జడ్జీల దగ్గరా ముందున్నాడు. ఫోర్‌మన్ మొహం వాచింది. చేతులు మాత్రం మొదటి రౌండులో ఎక్కడున్నాయో పదో రౌండులోనూ అక్కడే ఉన్నాయి. ఎడమ, కుడి. ఆ కుడిచెయ్యి ఎంత దూరం వెళ్ళిందో ఆపి ఆపి చూశాను. మూర కూడా లేదు. మూరర్ వెల్లకిలా పడిపోయి లేవలేదు. ఫోర్‌మన్ తన మూలకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టుకున్నాడు. ఎగశ్వాస లేదు.

రేపు పొద్దున మేస్త్రికి ఫోన్లో చూపిస్తాను. వచ్చే ఆదివారం ఎవరికి వీలైతే వాళ్ళు చెప్పండి, బెజవాడలోనో గుంటూరులోనో కలిసి టువా–ఇబియాబుచి చూద్దాం, అది నేను ఇంకా చూడలేదు.